ఎంత చిన్న గుండు చాలు?

మా బావమరిది ఫిల్మ్‌నగర్‌లో ఉంటాడు. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంట్. హీరో భుజాన వేసుకునే తుపాకి, విలన్ హాల్లో గోడకి తగిలించే తుపాకి, పేల్చే సీనుకి ఒకటి, కింద పడేసే సీనుకి రబ్బరుది ఒకటి, ఇలా అన్నీ అతని చేతుల మీదుగా వెళ్తుంటాయి. వాళ్ళ పాప 2024లో పారిస్ ఒలింపిక్స్ చూసినప్పటినుంచీ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానని మొదలుపెట్టింది. నాలుగు రోజుల ముచ్చటలే అనుకున్నాం. కాదని తేలింది. వారానికి మూడు రోజులు స్కూలు అయ్యాక రేంజ్‌కి వెళ్తోంది, క్లబ్బు వాళ్ళ ఎయిర్ రైఫిల్‌తో నేర్చుకుంటోంది.

ఇప్పుడు సొంత రైఫిల్ కొనాలి. నేను షూటర్ని కాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోడ్ రాసుకుని, ఆదివారాలు ఎయిర్ రైఫిల్‌తో కుస్తీ పట్టే మామూలు సాఫ్ట్‌వేర్ వాణ్ణి. కానీ ఈ సబ్జెక్ట్ మీద దొరికినదల్లా చదువుతానని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకని నాకు ఫోన్ చేశాడు.

"బావా, ఎటూ కొనాల్సిందే కదా, ఏకంగా పెద్ద క్యాలిబరే కొనేద్దాం. త్రీ నాట్ ఎయిట్ అయితే ఎలా ఉంటుంది? చిన్నదాంతో మొదలుపెట్టి మళ్ళీ మార్చడం డబ్బు దండగ. గగన్ నారంగ్ వాళ్ళ నాన్న స్థలం అమ్మి రైఫిల్ కొన్నాడంట కదా. నేనూ శంకరపల్లి ప్లాటు అమ్మేస్తాను."

ప్లాటు మాట వినగానే నాకు భయం వేసింది. గగన్ నారంగ్ కుటుంబం స్థలం అమ్మిన సంగతి పత్రికల్లో నేనూ చదివాను. కానీ ఆ కథలోంచి మావాడు తీసుకున్న నీతి మాత్రం తలకిందులుగా ఉంది. ఫోన్లో చెప్తే అర్థం కాదని వాళ్ళింటికే వెళ్ళి రెండు గంటలు కూర్చుని చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ప్రశ్నతో తిరుగుతున్న తల్లిదండ్రులు ఈ ఊళ్ళో ఇంకా చాలామంది ఉండే ఉంటారు.

మావాడి తప్పు కూడా పెద్దగా లేదు. తెలుగు వాడికి తుపాకి గురించి తెలిసిందంతా జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ నేర్పించిందే. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' తీసి కౌబాయ్‌ని తెలుగువాణ్ణి చేశాడు. అప్పటినుంచి మన తెర మీద ఒకటే లెక్క: తుపాకి ఎంత పెద్దదైతే హీరో అంత మొనగాడు, శబ్దం ఎంత గట్టిగా ఉంటే గురి అంత గొప్పది. ఆ శబ్దం డబ్బింగ్ థియేటర్లో కలుపుతారు, భుజం వెనక్కి తన్నినట్టు హీరో నటిస్తాడు. ఈ సంగతి నాకంటే మా బావమరిదికి బాగా తెలుసు. తెలిసినా బుర్రలో లెక్క మారదు. సినిమా బలం అలాంటిది.

సరే, అసలు విషయానికొస్తే.

ముందు మాటలు సరిచూసుకుందాం. తూటా అంటే మొత్తం కట్ట: ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున నిప్పు రాజేసే పదార్థం, పైన గుండు. తుపాకిలోంచి ఎగిరి వెళ్ళేది గుండు మాత్రమే. తుపాకి గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటే అది రైఫిల్. ఆ గాడుల వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ వెళ్తుంది, అందుకే తిన్నగా వెళ్తుంది. గొట్టం వెడల్పుకి, ఇంచుమించుగా గుండు వెడల్పుకి, క్యాలిబర్ అని పేరు. .22 అంటే అంగుళంలో వందకి 22 వంతులు, 5.6 మిల్లీమీటర్లు. .177 అంటే 4.5 మి.మీ.

'ఇంచుమించుగా' అన్నానా, దానికి కారణం ఉంది. .303లో వాడే గుండు వ్యాసం .311 దాకా ఉంటుంది. అంటే .308 గుండు కంటే పెద్దది! ఒకరు గాడుల మధ్య గట్ల దగ్గర కొలిచి పేరు పెట్టారు, ఇంకొకరు గాడుల లోతు దగ్గర కొలిచి పెట్టారు. మా సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్లలాగే, ఈ అంకెల్ని అక్షరాలా నమ్మితే దెబ్బతింటాం.

ఇక చరిత్ర. 1857కి ముందు సిపాయి చేతిలో ఉన్న పాత మస్కెట్ గొట్టం ముప్పావు అంగుళం వెడల్పు, అంటే 19 మి.మీ. లోపల గాడులు లేవు, నున్నటి గొట్టం. గుండ్రటి సీసం గోళీని కొంచెం వదులుగానే వేసేవారు, లేకపోతే మూతి నుంచి లోపలికి దిగదు. ఆ గోళీ గొట్టంలో అటూ ఇటూ తగులుకుంటూ వచ్చి, చివరగా ఏ వైపు తగిలిందో దాన్ని బట్టి ఎటో అటు పోయేది. వంద గజాలు దాటితే గురి దేవుడి దయ.

ఆ తర్వాత వచ్చిందే చరిత్రకెక్కిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్. క్యాలిబర్ .577, అంటే 14.7 మి.మీ. మస్కెట్ కంటే చిన్నది. కానీ గాడులున్నాయి, గుండు కోలగా ఉంటుంది, పేలగానే దాని అడుగు విచ్చుకుని గాడుల్లో బిగుస్తుంది. వందల గజాల దూరానికి గురి పెట్టడానికి పైకీ కిందకీ జరిపే సైటు కూడా ఉంది. దాని తూటాలకి పూసిన కొవ్వు గురించి మనం స్కూల్లో చదువుకున్నాం. ఆ ఏడాది జులై 17న మన హైదరాబాద్‌లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని కోఠీ రెసిడెన్సీ మీదకి వెళ్ళింది కూడా ఆ వేడిలోనే.

స్కూల్లో చెప్పనిది ఆ తర్వాత జరిగిన కథ. తిరుగుబాటు అణచాక సిపాయిలకి ఏ తుపాకి ఇవ్వాలి అన్న ప్రశ్న వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళు ఏం చేశారో చూడండి. చూడ్డానికి అదే ఎన్‌ఫీల్డ్. కానీ గొట్టాన్ని .656కి వెడల్పు చేసి, లోపల గాడులు లేకుండా నున్నగా చేసి, కదిలే సైటు తీసేసి కదలని సైటు పెట్టి, 1858 మోడల్ అని భారతీయ దళాలకి ఇచ్చారు. అంటే క్యాలిబర్ పెంచారు, గురి తీసేశారు! మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి కాసేపు అటూ ఇటూ తిరిగాను. 'పెద్ద క్యాలిబర్ అంటే గొప్ప తుపాకి' అనుకునే ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క ముక్క చెప్తే చాలనిపించింది. పాలించేవాడు భయపడింది గుండు సైజుకి కాదు, గురికి.

తర్వాత కూడా చాలాకాలం అదే పద్ధతి. తెల్ల సైనికుడికి కొత్తది వచ్చినప్పుడు పాతది మనవాడికి. వాళ్ళకి మార్టినీ-హెన్రీ వచ్చాక మనకి స్నైడర్, వాళ్ళకి .303 వచ్చాక మనకి మార్టినీ-హెన్రీ. ఎప్పుడూ ఒక వెర్షన్ వెనకాల. సిపాయిల సంగతి ఇలా ఉంటే, మామూలు జనానికి 1878లో లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం తెచ్చి, లైసెన్స్ లేనిదే తుపాకి ముట్టుకోకుండా చేశారు. తెల్లవాళ్ళకి మాత్రం అందులో మినహాయింపు.

ఈ లోపల యూరప్‌లో ఒక పెద్ద మార్పు వచ్చింది. పాత నల్లమందుతో గుండుని సెకనుకి 400, 450 మీటర్ల వేగం దాటించడం చాలా కష్టం. వేగం పెంచలేనప్పుడు దెబ్బ పెంచడానికి ఒకటే దారి, గుండు బరువు పెంచడం. అందుకే అన్నేసి పెద్ద క్యాలిబర్లు. 1880లలో పొగరాని మందు కనిపెట్టారు. 1886లో ఫ్రాన్స్ 8 మి.మీ. రైఫిల్ తెచ్చింది, 1888లో బ్రిటన్ .303 తెచ్చింది. లెక్క చూడండి. మార్టినీ-హెన్రీ గుండు 11.4 మి.మీ. వెడల్పు, 31 గ్రాముల బరువు, వేగం సెకనుకి సుమారు 410 మీటర్లు. తర్వాత వచ్చిన .303 మార్క్ 7 గుండు 11.3 గ్రాములే, కానీ వేగం 744 మీటర్లు. గుండు బరువు మూడో వంతుకి పడిపోయింది, శక్తి మాత్రం 2,600 జౌళ్ళ నుంచి 3,100కి పెరిగింది. గాలిని చీల్చుకుపోవడం సులువైంది, దారి చదునైంది, గురి మెరుగైంది. ఆ తర్వాత నుంచి సైన్యాల క్యాలిబర్లు మొత్తం మీద తగ్గుతూ వచ్చాయి.

మరి పెద్ద క్యాలిబర్లు ఎవరికి మిగిలాయి? వేటగాళ్ళకి. మన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి పులుల వేటగాడిగా, మంచి గురికాడిగా పేరు. రాజా దీన్‌దయాళ్ తీసిన ఆ వేట ఫోటోలు ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తాయి. మీద పడే పులిని అక్కడికక్కడ ఆపాలంటే బరువైన గుండు కావాలి, ఒప్పుకుంటాను. కానీ మా మేనకోడలు కొట్టబోయేది కాగితాన్ని. కాగితం మీద పడదు. 5.6 మి.మీ. కన్నమూ కన్నమే, 11 మి.మీ. కన్నమూ కన్నమే.

వేటగాళ్ళ కథలోనే మన చట్టం ముద్ర కనిపిస్తుంది. 1900ల మొదట్లో ప్రభుత్వానికి ఒక భయం పట్టుకుంది. బజారులో దొరికే తూటా తిరుగుబాటుదారు చేతిలోని సైన్యపు తుపాకికి సరిపోతే ఎలా? అందుకని సైన్యం వాడే .303ని జనానికి నిషేధించారు. 1907లో .450 రైఫిళ్ళ దిగుమతి కూడా ఆపేశారు, మార్టినీ-హెన్రీ గుండు .450 కాబట్టి. దాంతో ఇంగ్లండ్‌లోని తుపాకి కంపెనీలు ఇండియా మార్కెట్ పోగొట్టుకోలేక .465, .470, .475 అంటూ పక్క పక్క సైజులు అమ్మడం మొదలుపెట్టాయి. ఆ అంకెల్లో పెద్ద ఫిజిక్స్ ఏమీ లేదు. ప్రభుత్వం ఒక పోర్ట్ బ్లాక్ చేస్తే పక్క పోర్టులో సర్వీసు నడపడం లాంటిది.

.303 బదులు మనకి మిగిలింది .315. ఆస్ట్రియా వాళ్ళ పాత 8 మి.మీ. మాన్‌లిషర్ సైన్యపు తూటాయే అది. మన సైన్యం వాడనిది కాబట్టి మన జనం వాడొచ్చు. స్వతంత్రం వచ్చింది, 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది, 1962లో రూల్స్ వచ్చాయి, కానీ సైన్యపు సైజు జనానికి ఇవ్వకూడదన్న ఆ పాత లాజిక్ అలాగే కాపీ పేస్ట్ అయింది. ఈశాపూర్ ఫ్యాక్టరీలో సైన్యానికి ఒక సైజు, పొలం కాపలా రైతుకి .315. మన దేశంలో లక్షణంగా లైసెన్స్ తీసుకున్న పెద్దాయనల ఇళ్ళల్లో ఆ .315 ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా. గురికి మంచిదని ఎంచుకున్నది కాదు, చట్టం వదిలేసింది కాబట్టి మిగిలింది.

ఇక్కడ అల్లూరి సీతారామరాజుని తలుచుకోకుండా ఉండలేను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు. సినిమాల్లో మనం చూసేది తుపాకులు పట్టుకెళ్ళడమే. ఆయన తుపాకులతో పాటు తూటాలు కూడా పట్టుకెళ్ళాడు, వేల లెక్కన. అది తెలివైన పని. తూటా లేని రైఫిల్ చేతికర్ర. మన్యంలో తూటాలు చెట్లకి కాయవు. అవి అయిపోతే మళ్ళీ అదే సైజు తూటా ఎక్కడ దొరుకుతుందన్నది అసలు ప్రశ్న. 'ఆర్ఆర్ఆర్' (2022)లో కూడా కథలో ఒక ముఖ్యమైన పాయ ఊరికి తుపాకులు, తూటాలు చేర్చడం చుట్టూనే తిరుగుతుంది.

నేను మా బావమరిదికి చెప్పిన మొదటి పాయింట్ ఇదే. క్యాలిబర్ ఎంచుకోవడమంటే తుపాకిని ఎంచుకోవడం కాదు, తూటాని ఎంచుకోవడం. రోజుకి 80 గుళ్ళు, ఏడాదిలో 250 రోజులు అనుకుంటే 20,000. రైఫిల్ ఒకసారి కొంటాం. ఆ 20,000 ఏటా కొనాలి, అవి దొరకాలి, వాటికి అనుమతి ఉండాలి, వాటిని కాల్చడానికి రేంజ్ ఉండాలి. .308కి ఇందులో ఏదీ మనలాంటి వాళ్ళకి సులువు కాదు. పెద్ద క్యాలిబర్ పోటీలు మన దేశంలో ఎక్కువగా సైన్యం, పోలీసు టీముల మధ్యే జరుగుతాయి.

"అనుమతుల సంగతి వదిలెయ్ బావా, అన్నీ ఉన్నాయనుకో. అప్పుడు పెద్దదే గొప్ప కదా?" అన్నాడు. మంచి ప్రశ్న. కాదు.

ఒలింపిక్ రూల్ బుక్ చూడండి. 10 మీటర్ల పోటీకి 4.5 మి.మీ. మాత్రమే. 50 మీటర్లకి .22 లాంగ్ రైఫిల్ మాత్రమే, 5.6 మి.మీ. దీనికి ఒక సరదా కారణం ఉంది. కన్నం అంచు గీతని తాకితే ఎక్కువ పాయింటు వచ్చే ఆట ఇది. 10 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 4.5 మి.మీ. గుండు దాన్ని అంచుతో తాకాలంటే గుండు మధ్యభాగం చుక్క మధ్యనుంచి 2.5 మి.మీ. లోపల పడాలి. పెద్ద గుండుకైతే ఇంకా దూరంగా పడ్డా తాకుతుంది. అందరికీ ఒకే సైజు అని కట్టేస్తే ఆ గోల ఉండదు.

300 మీటర్ల పోటీ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1972 తర్వాత ఒలింపిక్స్‌లోంచి తీసేశారు కానీ ప్రపంచ పోటీల్లో ఉంది. అక్కడ రూల్ 8 మి.మీ. దాకా ఒప్పుకుంటుంది. మరి ప్రపంచంలో మేటి షూటర్లు 8 మి.మీ. వాడుతున్నారా? లేదు. అక్కడ బాగా పేరున్నది 6 మి.మీ. బీఆర్ అనే చిన్న తూటా. ఎవరూ బలవంతం చెయ్యకుండానే, డబ్బుకి కొదవ లేనివాళ్ళు కూడా, చిన్నదాని వైపే వచ్చారు.

ఎందుకు? వెనక్కి తన్నడం వల్ల. .308 మ్యాచ్ గుండు 10.9 గ్రాములు, సెకనుకి 800 మీటర్లు. .22 గుండు 2.6 గ్రాములు, సెకనుకి 330 మీటర్ల లోపు. ఎయిర్ రైఫిల్ గుండు అర గ్రాము, 175 మీటర్లు. శక్తి లెక్కేస్తే సుమారు 3,500 జౌళ్ళు, 140, 8. భుజం మీద పడే తోపు .308తో .22 కంటే పదింతల పైనే. గుండు గొట్టం దాటకముందే రైఫిల్ కదలడం మొదలవుతుంది. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే ఒళ్ళు ప్రతిసారీ ఒకేలా పట్టుకోవాలి. అరవయ్యో గుండు దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళకే భుజం వాస్తుంది. దానికంటే ప్రమాదం ఇంకోటి: రాబోయే దెబ్బకి ఒళ్ళు ముందే ఉలిక్కిపడటం నేర్చుకుంటుంది. పదమూడేళ్ళ పిల్లకి ఆ ఉలికిపాటు ఒకసారి అలవాటైతే పోగొట్టడానికి ఏళ్ళు పడుతుంది.

చిన్న గుండు ఇంకో మేలు చేస్తుంది. నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కాక తల ఎత్తినా, భుజం వదిలినా గుండు పక్కకి పోయి చాడీ చెప్తుంది. ఎయిర్ రైఫిల్ తప్పుల్ని దాచదు. నాకు ఆదివారం ఆదివారం అవమానం జరిగేది దానివల్లే.

వేగం ఎక్కువైతే గాలి ప్రభావం తక్కువ కదా అంటారు. ఇక్కడ .22 ఒక తమాషా చేస్తుంది. శబ్దం వేగం సెకనుకి సుమారు 340 మీటర్లు. దాని కంటే వేగంగా బయల్దేరిన .22 గుండు దారిలో ఆ గోడ దాటి కిందకి దిగాలి. అక్కడ గాలి దాన్ని బాగా నిలదీస్తుంది, వేగం ఎక్కువగా పోతుంది. పక్కగాలికి గుండు ఎంత జరుగుతుందన్నది అది దారిలో ఎంత ఆలస్యమైందన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే హై వెలాసిటీ .22 తూటా మామూలు మ్యాచ్ తూటా కంటే గాలికి ఎక్కువగా జరుగుతుంది. మ్యాచ్ తూటాలన్నీ కావాలనే శబ్దం కంటే కాస్త తక్కువ వేగంతో చేస్తారు. 'ఎక్కువ పవర్, ఎక్కువ గురి' అన్న సూత్రం ఒకే క్యాలిబర్ లోపల కూడా నిలబడదు.

దూరం పెరిగితే మాత్రం లెక్క మారుతుంది, అది దాచను. 600, 1000 గజాలకి .22 పనికిరాదు. అక్కడ గాలిని చీల్చే పొడవాటి, సన్నటి గుండు కావాలి. అందుకే 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ లాంటివి .308 స్థానాన్ని చాలాచోట్ల తినేశాయి. గమనించారా, అక్కడ కూడా గెలిచింది చిన్నదే: 7.62 స్థానంలో 6.5. పులికి కావలసినంత, దూరానికి కావలసినంత, కాగితానికి కావలసినంత. మా భాషలో చెప్పాలంటే ముందు రిక్వైర్‌మెంట్, తర్వాత టెక్నాలజీ. పది మంది వాడే వెబ్‌సైట్‌కి వంద సర్వర్లు కొనే క్లయింటుని చూసి నవ్వుకుంటాం కదా, ఇదీ అంతే.

ఇప్పుడు గగన్ నారంగ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ప్లాటు అమ్మకానికి సాక్ష్యంగా వచ్చింది ఆయన పేరే. చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగాడు. 2003 అక్టోబర్ 26న, మన ఊళ్ళోనే జరిగిన ఆఫ్రో-ఏషియన్ గేమ్స్‌లో, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. 2008 బీజింగ్‌లో 595 కొట్టి కూడా టై లెక్కలో ఫైనల్ పోగొట్టుకున్నాడు. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ గేమ్స్‌లో 600కి 600. 2012 లండన్‌లో 701.1తో కాంస్యం. ఆ అరవైకి అరవై పదులూ, ఆ కాంస్యం, అన్నీ 4.5 మి.మీ. గుండు పెట్టిన కన్నాలే. లండన్‌లో ఆయన .22తో 50 మీటర్ల పోటీల్లో కూడా దిగాడు, ఫైనల్ రాలేదు. పెద్ద క్యాలిబర్ పెద్ద పతకం తేలేదు.

దేశం మొత్తం చూసినా అంతే. మనకి ఇప్పటిదాకా రైఫిల్‌లో వచ్చిన ఒలింపిక్ పతకాలు మూడు: 2008లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో నారంగ్ కాంస్యం, రెండూ 4.5 మి.మీ.; 2024లో స్వప్నిల్ కుసాలే కాంస్యం, .22. మూడు పతకాలూ కలిపి మా బావమరిది అడిగిన .308 సైజుకి దరిదాపుల్లో లేవు.

మరి ఇది మన గొప్పా, మన చట్టం చలవా? నా ఉద్దేశంలో రెండూ. ఎయిర్ రైఫిల్ 1984లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మన రూల్స్ ప్రకారం 4.5 మి.మీ. లోపు, 20 జౌళ్ళ లోపు ఎయిర్ రైఫిల్‌కి ఆయుధాల లైసెన్స్ అక్కర్లేదు. మామూలు ఇంటి పిల్లకి రైఫిల్ పట్టుకునే ఒకే ఒక్క తెరిచిన తలుపు అది. ఆ తలుపులోంచే మనవాళ్ళు వరసగా వచ్చారు. నిషేధాల చరిత్ర మనల్ని చిన్న క్యాలిబర్లోకి తోసింది, అదృష్టం బాగుండి ప్రపంచ పోటీలు కూడా అక్కడే ఉన్నాయి. కానీ దీన్ని చట్టం గొప్పతనం అని నేను అనలేను. వెయ్యి గజాల ఆట మీద మనసుపడ్డ పిల్లవాడికి సైన్యంలో చేరడం తప్ప ఈ దేశంలో దారి దాదాపు లేదు. 1858లో గొట్టాన్ని నున్నగా చేసినవాడి అనుమానం మన ఫైళ్ళలో ఇంకా కూర్చుని ఉంది. అలాగని తుపాకులు అంగట్లో పెట్టి అమ్మాలని కూడా అనను. అమెరికాలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి వచ్చినవాణ్ణి, అది ఎక్కడికి పోతుందో చూశాను. రేంజ్‌లో, క్లబ్బు తాళం కింద, ఆట కోసం పెద్ద క్యాలిబర్ ఉండటానికి, ఇంట్లో బీరువాలో ఉండటానికి తేడా ఉంది. ఆ తేడా చూపే రూల్ కావాలి అంటున్నాను.

సరే, ఇంతకీ మావాడికి ఏం చెప్పాను? వరసగా ఇది.

పాప ఇంకో ఏడాదో రెండేళ్ళో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మీదే ఉంటుంది. డబ్బుంటే ముందు సరిపోయే జాకెట్, బూట్లు కొను. పెరిగే వయసు కాబట్టి కొలత సర్దుకునే బట్ ఉన్న రైఫిల్ చూడు, సెకండ్ హ్యాండ్‌ది దొరికితే ఇంకా మంచిది. అది లైసెన్స్ లేనిదే అయినా బొమ్మ కాదు, కన్ను పోతుంది. ఫిల్మ్‌నగర్ డాబా మీద డబ్బాలు కొట్టే సరదాలు వద్దు. ఇంట్లో గుండు లేకుండా, గోడ మీద చుక్క పెట్టుకుని రోజూ అరగంట గురి ప్రాక్టీసు చాలు, దానికి పైసా ఖర్చు లేదు.

స్కోరు నిలబడ్డాక, కోచ్ చెప్పాక .22. సొంత లైసెన్స్‌కి 21 ఏళ్ళు నిండాలి. అప్పటిదాకా క్లబ్బు రైఫిల్, క్లబ్బు తూటాలు, కోచ్ కళ్ళ ముందు. అక్కడ కూడా డబ్బు పెట్టాల్సింది తూటా మీద. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే ధర, కానీ లాట్ మారితే గుంపు మారుతుంది. పెద్ద షూటర్లు ఇంగ్లండ్‌లో ఈలీ, జర్మనీలో లపువా, ఆర్‌డబ్ల్యూఎస్ టెస్ట్ రేంజ్‌లకి సొంత రైఫిల్ పట్టుకెళ్ళి, దాన్ని బిగించి, లాట్ తర్వాత లాట్ కాల్చి, దేనికి కన్నాలు దగ్గరగా పడ్డాయో ఆ లాట్ మొత్తం కొనుక్కుంటారు. క్యాలిబర్ నిర్ణయం అయ్యాక గురి దొరికేది ఇలాంటి చోట్ల.

.308 సంగతి పాప పెద్దదై, ఆ దూరాల మీద తనకి నిజంగా ఇష్టం కలిగి, ఆ రేంజ్ ఉన్నచోట చేరితే అప్పుడు చూసుకుందాం. అప్పటికి ఇంకా సన్నటిది ఏదో వచ్చి ఉంటుంది.

మావాడు అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఏదో షూటింగ్‌కి వాడిన చెక్క రైఫిల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూతి నా బొటనవేలు పట్టేంత వెడల్పు. "డైరెక్టర్‌గారు స్క్రీన్ మీద ఇంకా పెద్దగా కనపడాలన్నారు బావా, రెండుసార్లు తొలిచాను" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

పాప అప్పుడే రేంజ్ నుంచి వచ్చింది. ఆ రోజు కాల్చిన కార్డులు టేబుల్ మీద పరిచి వాళ్ళ నాన్నకి చూపించింది. మధ్యలో కన్నం తప్ప ఏమీ మిగలని కార్డు ఒకటి, ఎడం వైపుకి జారిపోయినవి మూడు. "ఈ మూడూ ట్రిగ్గర్ నొక్కాక తలెత్తేశాను నాన్నా" అంది, ఎవరూ అడక్కుండానే.

శంకరపల్లి ప్లాటు ప్రస్తుతానికి అలాగే ఉంది.